విగ్రహం కొలత: వినాయక చవితి వ్యర్థాలపై ఒక సంవాదం

పండుగలు మిగిల్చే వ్యర్థాన్ని గురించి తెలుగునాట జరిగే చర్చల్లో దీపావళి బాణసంచా పొగ, భోగిమంటల్లో పాత టైర్లు వేసే దురలవాటు తరచుగా ముందుకు వస్తాయి గాని, ఆ రెండూ ఒక రాత్రికో ఒక తెల్లవారుజాముకో పరిమితమైనవి. భాద్రపద శుద్ధ చవితి నాడు మొదలై అనంత చతుర్దశి నాటి నిమజ్జనంతో ముగిసే గణేశ ఉత్సవం అలాంటిది కాదు. దాని సరంజామా తయారీ పండుగకు నెలల ముందే మొదలవుతుంది, దాని శిథిలాలను ఎత్తిపోసే పని పండుగ ముగిసిన తరువాత కూడా రోజుల తరబడి సాగుతుంది. అందుచేత ఈ సంవాదాన్ని ఆ ఒక్క పండుగకు, అందులోనూ హైదరాబాదు నగరానికి పరిమితం చేయడమైనది.

ఈ విషయం మీద వెలువడే రచనలు చాలావరకు మట్టి మంచిది, ప్లాస్టర్ చెడ్డది అన్న మాట దగ్గర ఆగిపోతాయి. ఆ మాట అబద్ధం కాదు గాని, దానితో సమస్య తీరదు. దాన్ని దాటి వెళ్లడానికి ఇక్కడ ఇద్దరు కల్పిత వ్యక్తులను ఎదురెదురుగా కూర్చోబెట్టడం జరిగింది. ఒకరు నగరంలోని ఒక బస్తీలో ఉత్సవ సమితిని చాలా ఏళ్లుగా నడుపుతున్న నిర్వాహకుడు. రెండవవారు అదే బస్తీలో ఉంటున్న రసాయనశాస్త్ర అధ్యాపకురాలు. ఇద్దరూ ఏటా ఇంట్లో చవితి పూజ చేసేవారే కనుక భక్తి అవసరమా అనవసరమా అన్న తగవు ఇందులో లేదు.

నిర్వాహకుడు: ఏడాది పొడవునా హుస్సేన్‌సాగర్ వంక కన్నెత్తి చూడనివారంతా చవితి వచ్చేసరికి చెరువు భక్తులైపోతారమ్మా. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560వ దశకంలో కట్టిన ఆ చెరువులోకి కూకట్‌పల్లి నాలా ద్వారా బాలానగర్, సనత్‌నగర్ వైపు ఫ్యాక్టరీల నీళ్లు, లెక్కకు మిక్కిలి ఇళ్ల మురుగు దశాబ్దాలుగా చేరుతూ వచ్చాయని అందరూ ఎరిగినదే. ఆ నాలాను మళ్లించడానికి, పూడిక తీయడానికి జపాను నుంచి అప్పు తెచ్చి మరీ ఖర్చు పెట్టారు. అయినా ఎండలు ముదిరితే చెరువు పక్కనున్న నెక్లెస్ రోడ్డు మీద ముక్కు మూసుకోక తప్పడం లేదు. ఏడాదంతా పారే నాలాను వదిలిపెట్టి పదకొండు రోజుల పండుగ మీద పడటం ఏం న్యాయం?

అధ్యాపకురాలు: న్యాయం కాదు, అన్నగారూ. చెరువు పాడవడానికి మొదటి కారణం మురుగే అన్న సంగతి ఒప్పుకోకుండా పండుగను తప్పుపట్టేవారి మాటకు విలువ ఉండదు. అయితే నాలా చేసిన పాపం పండుగ చేసే హానిని మాఫీ చేయదు. ఇళ్ల మురుగులోని మలినంలో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థం, అంటే ప్రాణుల నుంచి, మొక్కల నుంచి వచ్చి కుళ్లి కలిసిపోయే గుణం ఉన్నది. దాన్ని శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులకు ఆహారంగా వేసి వదిలించుకోవచ్చు. విగ్రహాల రంగుల్లో కలిసి వచ్చే సీసం, కాడ్మియం, క్రోమియం అనేవి భారలోహాలు, అవి మూలకాలు. ఏ సూక్ష్మజీవీ వాటిని విరగ్గొట్టలేదు గనుక అవి అడుగు బురదలో చేరి అక్కడే ఉండిపోతాయి, కొంత చేపల ఒంట్లోకి ఎక్కుతాయి. ఇక రెండో సంగతి. నాలాను బాగుచేయడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని, విగ్రహాన్ని ఎంచుకోవడం సమితి చేతిలో ఉన్న పని. ఎదుటివారి పని పూర్తయ్యేదాకా తమ పని మొదలుపెట్టబోమనడం ఏ సమితికీ శోభనివ్వదు.

నిర్వాహకుడు: రంగుల సంగతి అలా ఉంచి, అసలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను విషం అన్నట్టు మాట్లాడటమే విడ్డూరంగా ఉంది. అది జిప్సం నుంచే కదా వచ్చేది? వేరుశనగ రైతులు పూత దశలో ఎకరాకు రెండు వందల కిలోల జిప్సం చేలో చల్లుతారు. చౌడు నేలలను బాగుచేయడానికీ అదే వాడతారు. చేలో వేస్తే మందు అయినది చెరువులో వేస్తే విషం ఎలా అయింది?

ఈ ప్రశ్న పర్యావరణవాదుల సభల్లో అరుదుగా వినిపిస్తుంది, అక్కడక్కడ వినిపించినా సరైన సమాధానం దొరకదు. అందుచేత అధ్యాపకురాలి జవాబును కొంచెం విపులంగా ఇవ్వవలసి వస్తున్నది.

అధ్యాపకురాలు: జిప్సం అంటే నీటి అణువులను తనలో కట్టి ఉంచుకున్న కాల్షియం సల్ఫేటు. దాన్ని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడి చేస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరైపోయి తెల్లని పొడి మిగులుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే ఈ పొడే. దానిలో నీళ్లు కలిపి అచ్చులో పోస్తే పోయిన నీటిని మళ్లీ పీల్చుకుని కొద్దిసేపట్లో తిరిగి జిప్సంగా మారి గట్టిపడుతుంది. అంటే విగ్రహం నిజానికి ఒక జిప్సం రాయి. ఇంతవరకు అన్నగారు చెప్పింది సరిగ్గానే ఉంది, అది విషం కాదు. తేడా అంతా అది చేరే చోటులోను, దాని రూపంలోను, మోతాదులోను ఉంది. రైతు చల్లేది మెత్తని పొడి, అది ఎకరం నేల మీద పరచుకుంటుంది, వానకు కరిగి కాయకు కావలసిన కాల్షియం ఇస్తుంది. చెరువులో వేసేది గట్టి దిమ్మ. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచెం ఎక్కువగా మాత్రమే కరుగుతుంది. ఆ లెక్కన ఒక టన్ను బరువున్న విగ్రహం పూర్తిగా కరగాలంటే నాలుగు లక్షల లీటర్లకు పైగా మంచినీళ్లు దాని చుట్టూ కదులుతూ ఉండాలి. నిలవ నీటిలో, అప్పటికే లవణాలు పేరుకున్న చెరువులో, పైన రంగు పూత ఉన్న దిమ్మ నెలలు గడిచినా చెక్కుచెదరకుండా పడి ఉంటుంది. కరిగిన కొద్ది భాగం కూడా ఊరికే ఉండదు. ప్రాణవాయువు అందని అడుగు బురదలో కొన్ని రకాల బ్యాక్టీరియా సల్ఫేటును పట్టుకుని హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువుగా మార్చుతాయి; కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. నెక్లెస్ రోడ్డు మీద ముక్కు మూసుకోవలసి వస్తున్నదని అన్నగారు ఇందాక అన్నారు. అందులో ప్రధాన దోషం మురుగుదే అయినా, ఆ బురదకు మరింత సల్ఫేటును కానుకగా ఇవ్వడం ఎందుకు?

నిర్వాహకుడు: ఇదంతా తరగతి గదిలో బాగానే ఉంటుంది. ధూల్‌పేటలో విగ్రహాలు చేసేవారి ముందు చెప్పి చూడాలి. ప్లాస్టర్ విగ్రహం అచ్చులో తయారవుతుంది. కొబ్బరిపీచు కలిపి పోస్తే లోపల గుల్లగా, తేలికగా, గట్టిగా వస్తుంది. ఒకే అచ్చులో ఒకే రోజు ఎన్నో తీయవచ్చు. లారీలో ఎక్కించి మెదక్ దాకా పంపినా పగలదు. మట్టి విగ్రహానికి వెదురు కట్టాలి, వరిగడ్డి చుట్టాలి, పూత మీద పూత మెత్తాలి, బీటలు వారితే మళ్లీ పూడ్చాలి. ఆరబెట్టవలసిన ఆషాఢ శ్రావణాలు పూర్తిగా వానాకాలం. అప్పు తెచ్చి, షెడ్డు అద్దెకు తీసుకుని, చలికాలం నుంచి పని చేసుకునే ఇంటికి శ్రావణంలో వచ్చి నిషేధం అంటే వారు ఏమైపోవాలి?

అధ్యాపకురాలు: ఈ మాటకు ఎదురు చెప్పడానికి లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాల నిమజ్జనానికి 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 మే నెలలో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు, థర్మోకోల్, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దని కచ్చితంగా చెప్పింది, ఆ వెంటనే కరోనా కాలపు ఇబ్బందులను చూసి అమలును ఏడాది వాయిదా వేసింది. అంటే పదేళ్ల గడువు దొరికింది. ఆ పదేళ్లలో మట్టిని అందించే ఏర్పాటు గాని, ఆరబెట్టుకునే షెడ్లు గాని, మార్పు కోసం కళాకారులకు రుణాలు గాని తగినంతగా సమకూరలేదు.

నిర్వాహకుడు: 2021లో ఏం జరిగిందో కూడా చెప్పాలి.

అధ్యాపకురాలు: చెప్పవలసినదే. ఆ ఏడు చవితి సెప్టెంబరు 10న వచ్చింది. హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలు వేయకూడదని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది సెప్టెంబరు 9న. అప్పటికి విగ్రహాలు అమ్ముడై మండపాలకు చేరిపోయాయి. నగరపాలక సంస్థ సుప్రీంకోర్టుకు వెళితే, ఆ ఒక్క ఏడాదికి, అదే చివరిసారి అన్న హెచ్చరికతో, సెప్టెంబరు 16న అనుమతి దొరికింది. కోర్టులను అనడం తగదు, అవి తమ ముందుకు వచ్చిన వ్యాజ్యాన్ని వచ్చినప్పుడు తేల్చుతాయి. ముందుగా మేలుకోవలసినది పరిపాలన.

పండుగకు ముందురోజు వచ్చే నిషేధాన్ని విధానం అని పిలవడం కష్టం. అది ఉల్లంఘనను తప్పనిసరి చేసి, తరువాతి ఏడాది వచ్చే ఆదేశాన్ని కూడా ఎవరూ లెక్కచేయని స్థితిని తెస్తుంది. ఈ విషయంలో ఇద్దరు వక్తల మధ్య భేదం లేకపోవడం గమనించదగినది. భేదం అసలు మొదలయ్యేది ఇక్కడి నుంచే.

నిర్వాహకుడు: అయితే ప్లాస్టర్ గొడవ కూడా తీరిపోయినట్టే కదా. ఖైరతాబాదు గణపతిని 2022లో మొదటిసారి పూర్తిగా మట్టితో, యాభై అడుగుల ఎత్తున చేశారు. 2023లో అరవై మూడు అడుగులు, 2024లో డెబ్బై అడుగులు, అన్నీ మట్టివే. అంత పెద్ద విగ్రహమే మట్టికి మారగలిగినప్పుడు బస్తీ సమితులు మారడం ఎంతసేపు? ఈ ఏడు మన పదిహేను అడుగుల విగ్రహాన్ని కూడా మట్టితోనే చేయిద్దాం. అప్పుడు ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండకూడదు.

అధ్యాపకురాలు: ఫిర్యాదు అప్పుడు కూడా ఉంటుంది, అన్నగారూ, ఎందుకంటే ఇంతదాకా జరిగిన చర్చంతా విగ్రహం దేనితో చేశారన్న దాని మీదే నడిచింది, ఎంత ఉందన్న దాని మీద నడవలేదు. ఇంటి పీట మీద పెట్టే విగ్రహం అరడుగు అనుకుందాం. దాన్ని అదే పోలికతో ఆరడుగులకు పెంచితే ఎత్తు పన్నెండు రెట్లే అవుతుంది గాని, రంగు పూయవలసిన ఉపరితలం నూట నలభై నాలుగు రెట్లు, లోపల నింపవలసిన పరిమాణం పదిహేడు వందల ఇరవై ఎనిమిది రెట్లు అవుతుంది. లోపల గుల్లగా చేస్తే మట్టి కొంత తగ్గుతుంది, కాని ఆ గుల్లను నిలబెట్టడానికి ఇనుప చట్రం, వెదురు, గోనెగుడ్డ అవసరమవుతాయి. అడుగు పెరిగినకొద్దీ భారం అడుగు చొప్పున కాక ఘనపు లెక్కన పెరుగుతుందన్న సంగతి చందాలు రాసేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? చెరువు అడుగున తీసిన పూడిక మట్టి అయితే మేలే. పొలం పైపొర తవ్వి తెచ్చినదైతే ఒక రైతు నేలలోని సారాన్ని నగరం చెరువులో కలిపినట్టు అవుతుంది. చెరువులో కలిసిన మట్టి కూడా పూడికే. పూడిక తీయడానికి ఒక చేత్తో డబ్బు ఖర్చుపెడుతూ మరో చేత్తో పూడిక వేయడం ఏ లెక్కలోనూ ఒదగదు.

నిర్వాహకుడు: మట్టి వేసినా తప్పే, ప్లాస్టర్ వేసినా తప్పే అయితే ఇక వేయవద్దనే కదా చివరికి చెప్పేది?

అధ్యాపకురాలు: వేయవద్దని కాదు, ఎంత వేయాలన్నది. మట్టి విగ్రహానికి కూడా ఆయిల్ పెయింటు పూస్తే లోహాల విషయంలో అది ప్లాస్టర్ విగ్రహానికి ఏమీ తీసిపోదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పారిశ్రామిక అవసరాలకు అమ్మే రంగులకు ఆ నియమం వర్తించదు. విగ్రహానికి పూసే మెరుపు రంగు ఏ డబ్బాలోనిదో అడిగి తెలుసుకునే సమితులు ఎన్ని ఉంటాయి? పసుపు, గేరు, సుద్ద, ఆకుపసరు రంగులకు ఆ బెడద లేదు. మెరుపు మాత్రం తక్కువ.

నిర్వాహకుడు: ఆ మెరుపు కోసమే కదా పిల్లలు మండపానికి వచ్చేది. తిలక్ 1893లో పుణెలో ఉత్సవాన్ని వీధిలోకి తెచ్చింది జనం ఒకచోట చేరడానికే. ఎత్తయిన విగ్రహం ముందు జనం చేరతారు, అరడుగు విగ్రహం ముందు ఎవరు చేరతారు? పక్క బస్తీలో ఇరవై అడుగులు పెడితే మన బస్తీ కుర్రవాళ్లు తలెత్తుకోలేరు. బ్యాండువారు, లైటింగువారు, పూలవారు, లారీవారు ఈ పదకొండు రోజుల సంపాదన కోసం ఏడాదంతా ఎదురు చూస్తారు. ఎత్తు తగ్గించమనడం తేలిక, తగ్గిన ఎత్తుతో జనాన్ని నిలబెట్టుకోవడం తేలిక కాదు.

అధ్యాపకురాలు: ఎత్తును సంప్రదాయం అనకపోతే చాలు, మిగిలినదంతా మాట్లాడుకోవచ్చు. ఖైరతాబాదులోనే 1954లో మొదట పెట్టింది ఒక్క అడుగు విగ్రహం. ఏటా ఒక్కొక్క అడుగు పెంచుకుంటూ పోతే 2014 నాటికి అరవై అడుగులైంది. అంటే ఈ ఎత్తంతా ఒక మనిషి జీవితకాలంలో పెరిగినది. చవితి వ్రతంలో పూజించేది మట్టితో చేసుకున్న చిన్న ప్రతిమ. పైన పాలవెల్లి, ముందు ఉండ్రాళ్లు, కుడుములు, ఇరవై ఒక్క రకాల పత్రి. దానికి ఉద్వాసన చెప్పిన తరువాత అది మళ్లీ మట్టే. పాలవెల్లి కింద పట్టేంత విగ్రహమే ఆ పూజకు కొలత.

నిర్వాహకుడు: పత్రి మాట వచ్చింది కనుక ఒకటి అడగాలి. ఆ ఇరవై ఒక్క ఆకుల్లో ఔషధ గుణాలున్నాయి, వాటిని నీటిలో వేస్తే నీరు శుభ్రపడుతుందని పెద్దలు చెబుతారు. మరి నిమజ్జనాన్ని కాలుష్యం అనేవారు ఈ మేలును లెక్కలోకి ఎందుకు తీసుకోరు?

ఇక్కడ అధ్యాపకురాలు తన పక్షంవారిని కూడా నొప్పించే మాట చెప్పవలసి వస్తుంది. సంప్రదాయాన్ని పర్యావరణ శాస్త్రంగా చూపి మెప్పించాలన్న ఆరాటం ఇటీవల బాగా పెరిగింది.

అధ్యాపకురాలు: మారేడు, వావిలి, ఉత్తరేణి, తులసి వంటి వాటికి వైద్యంలో ఉపయోగాలున్న మాట నిజమే. కషాయంలో పనికివచ్చే ఆకు చెరువులో వేస్తే చెరువును బాగుచేస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. నీటిలో పడిన ఏ ఆకైనా, ఏ పువ్వైనా కుళ్లుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. ఒక లీటరు నీటిలోని కుళ్లే పదార్థాన్ని జీర్ణం చేయడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే లెక్కను జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం అంటారు. ఆ అంకె పెరిగినకొద్దీ చేపకు ఊపిరి తగ్గుతుంది. ఊరి చెరువులో నాలుగు దోసిళ్ల పత్రి పడితే ఆ అంకె కదలదు. నగరం నగరమంతా వారం రోజుల్లో బంతిపూల దండలు, గరిక, అరటి పిలకలు ఒకే చెరువులో వేస్తే కదులుతుంది. ప్రకృతి సహజమైనది కనుక హాని చేయదన్న నమ్మకం కూడా మోతాదును మరచిన నమ్మకమే. పత్రిని, పూలను నీటిలో వేయకుండా విడిగా తీసి ఎరువు గుంటలో వేయడం వల్ల పూజకు లోటేమీ రాదు.

నిర్వాహకుడు: బజారులో కొనే పత్రి కట్టలో ఇరవై ఒక్క రకాలు ఎలాగూ ఉండవు లెండి. రోడ్డు పక్క చెట్టు ఏది దొరికితే దాని కొమ్మలు విరిచి కట్టలు కట్టి అమ్ముతున్నారు. జమ్మి, దేవదారు ఏవో గుర్తుపట్టగలిగినవారు కొనేవారిలోనూ లేరు, అమ్మేవారిలోనూ లేరు.

అధ్యాపకురాలు: దొరికినంత గరికతో పూజ చేసుకుంటే విరిగే కొమ్మలైనా మిగులుతాయి.

మండపం వెనుక భాగాన్ని ఒకసారి దగ్గరగా చూడటం ఈ సందర్భంలో అవసరం, ఎందుకంటే చెరువు చుట్టూ తిరిగే చర్చలో అది మరుగున పడిపోతుంది. అన్నదానం జరిగిన సాయంత్రం అక్కడ పోగుపడేవి వెండి పూత లాంటి మెరుపున్న కాగితపు పళ్లేలు, పలుచని ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, సాంబారు అంటిన చెంచాలు, ప్రసాదం పొట్లాలు కట్టిన కవర్లు. పళ్లేనికి ఉన్న మెరుపు నిజానికి కాగితం మీద అతికించిన ప్లాస్టిక్ పొర; దానివల్ల ఆ పళ్లెం అటు కాగితంగానూ ఇటు ప్లాస్టిక్‌గానూ తిరిగి వాడటానికి పనికిరాదు, అన్నం మెతుకులు అంటి ఉండటంతో ఆవులు దానితో సహా నమిలేస్తాయి. దాతల ఫొటోలు వేసిన ఫ్లెక్సీలు పండుగ మరునాడే పనికిరానివవుతాయి. 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పలుచని పొర, వంద మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషిద్ధాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ జాబితాను మండపం వెనుక నిలబడి చదివితే ఏది నిషిద్ధం కాదో వెతుక్కోవలసి వస్తుంది.

నిర్వాహకుడు: విస్తరాకుల్లో పెడదామంటే దొరికేవి చాలడం లేదు, పైగా ధర ఎక్కువ. రెండు వేల మందికి వడ్డించేటప్పుడు పళ్లేనికి రూపాయి తేడా వచ్చినా రెండు వేలు. స్టీలు పళ్లేలు తెస్తే కడిగేవారు కావాలి, నీళ్లు కావాలి.

అధ్యాపకురాలు: డీజేకు ఒక రాత్రికి ఇచ్చే డబ్బు ముందు ఆ రెండు వేలు ఒక లెక్కా? తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తళ్లు, ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు విస్తళ్లు కుట్టుకుని బతికే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. నెల ముందు చెబితే అవి వస్తాయి. ముందురోజు సాయంత్రం వెతికితే దొరికేది మెరుపు పళ్లెమే. మంచినీళ్ల క్యాను పక్కన నాలుగు డజన్ల స్టీలు గ్లాసులు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

నిర్వాహకుడు దీనికి జవాబు చెప్పకుండా వేరే దారి పట్టాడు. వాదంలో ఇది ఓటమి ఒప్పుకోవడం కిందికి వస్తుందో రాదో తర్కశాస్త్రం చదివినవారు తేల్చాలి.

నిర్వాహకుడు: పోనీ, చెరువులో వేయకుండా నగరపాలక సంస్థ తవ్వించిన చిన్న కొలనుల్లో వేస్తే సరిపోతుందా? బేబీ పాండ్లు అని ఊరంతా కట్టారు. పుణెలో అయితే ఇంట్లోనే బకెట్లో ఏదో పొడి వేసి ప్లాస్టర్ విగ్రహాన్ని కరిగిస్తున్నారట.

అధ్యాపకురాలు: కొలను వల్ల చెరువు బతుకుతుంది, వ్యర్థం మాత్రం తగ్గదు. కొలనులో మిగిలిన శిథిలాలైనా, హుస్సేన్‌సాగర్‌లో దించిన కొద్దిసేపటికే క్రేన్లతో పైకి లాగేసిన విగ్రహాలైనా లారీలెక్కి చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే చేరతాయి. అక్కడ చుట్టుపక్కల ఊళ్లవారి భూగర్భజలం పాడైన సంగతి అందరికీ తెలిసినదే. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన పద్ధతి మాత్రం ముచ్చటైనది. బేకరీల్లో పిండి పొంగడానికి వాడే అమ్మోనియం బైకార్బనేటును నీటిలో కలిపి విగ్రహాన్ని అందులో ఉంచితే, దాదాపు రెండు రోజుల్లో ప్లాస్టర్ కాస్తా అడుగున సుద్దలాంటి కాల్షియం కార్బనేటుగా, పైన అమ్మోనియం సల్ఫేటు ద్రావణంగా విడిపోతుంది. ఆ ద్రావణం ఎరువే, నీళ్లు బాగా కలిపి మొక్కలకు పోయవచ్చు. వాసన ఘాటుగా ఉంటుంది కనుక ఆరుబయట చేయాలి. అయితే రంగులోని లోహాలు మాయం కావు, పైగా పదిహేను అడుగుల విగ్రహానికి సరిపడే బకెట్ ఎక్కడా దొరకదు. అక్కడ కూడా అడ్డం వచ్చేది కొలతే.

నిర్వాహకుడు: అంటే బస్తీ మండపంలో అరడుగు విగ్రహం పెట్టి తలుపులు మూసుకోవాలా?

అధ్యాపకురాలు: అక్కర్లేదు. గుడిలో మూలవిరాట్టు ఉంటుంది, ఉత్సవమూర్తి ఉంటుంది. రథమెక్కి ఊరేగేది, చక్రస్నానానికో తెప్పోత్సవానికో వెళ్లేది మూలవిరాట్టు కాదు. ఆ ఏర్పాటును కొంచెం మార్చి మండపానికి తెచ్చుకోవచ్చు. కంటికి నిండుగా కనిపించే పెద్ద ప్రతిమను ఏటా వాడుకునేలా ఒక్కసారి చేయించి భద్రపరచుకోవాలి. ప్రాణప్రతిష్ఠ, పూజ, నిమజ్జనం మాత్రం దాని ముందు పెట్టిన చిన్న మట్టి విగ్రహానికి జరపాలి. పుణెలో కొన్ని పాత మండళ్లు తమ పెద్ద విగ్రహాన్ని ఇలాగే ఏళ్ల తరబడి నిలుపుకుంటున్నాయి.

నిర్వాహకుడు: ప్రతిష్ఠ చేయని ప్రతిమ అలంకారమే గనుక శాస్త్రం అడ్డురాదు, ఆ మాట పురోహితులు కూడా ఒప్పుకుంటారు. అయితే ఏటా అదే విగ్రహమైతే కుర్రవాళ్లకు కొత్తదనం ఉండదు, ధూల్‌పేటలో పని పోతుంది, పైగా దాచడానికి చోటు లేదు. ఈ మూడింటికీ జవాబు కావాలి.

అధ్యాపకురాలు: కొత్తదనం అలంకారంలో వస్తుంది, ఒకే అమ్మవారికి దసరా రోజుల్లో రోజుకో అలంకారం చేసి జనాన్ని బారులు తీరుస్తున్నారు కదా. చోటు సంగతికి బస్తీ కమ్యూనిటీ హాలు ఉంది. పని పోతుందన్న మాటకు మాత్రం తేలిక జవాబు లేదు. పెద్ద విగ్రహాలు తగ్గితే కొందరికి పని తగ్గుతుంది. చిన్న మట్టి విగ్రహాలు, ఏటా రంగులు అద్దడం, మరమ్మతులు, అలంకారాలు కొంత పూడుస్తాయి గాని, అంతా పూడుస్తాయని చెప్పడం మోసమే అవుతుంది. పైగా ప్రభుత్వ సంస్థలు లక్షల్లో ఉచితంగా పంచే మట్టి విగ్రహాలు కూడా ఆ కళాకారుల అమ్మకాలకే గండి కొడుతున్నాయి. పంచవలసినవే అయితే వాటిని ధూల్‌పేటలోనే ముందుగా, గిట్టుబాటు ధరకు చేయించాలి.

నిర్వాహకుడు: ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ఇక సమితి తరఫున ఒప్పుకోదగినవి ఇవి: పూజా విగ్రహం రెండడుగులకు మించకుండా మట్టితో, మట్టి రంగులతోనే, పెద్ద ప్రతిమ ఒక్కసారి చేయించి నిలుపుకోవడం మీద సభ్యుల ఓటు, అన్నదానంలో విస్తరాకులు, పత్రి, పూలు ఎరువు గుంటకు. ఒప్పుకోలేనిది ఒక్కటే. కూకట్‌పల్లి నాలా శుద్ధి కాకుండా చెరువు చచ్చిపోయినందుకు పండుగను దోషిగా నిలబెడితే, ఆ సభకు ఈ సమితి రాదు.

అధ్యాపకురాలు: ఆ సభకు ఈ అధ్యాపకురాలు కూడా రాదు.

ఇద్దరి మధ్య ఎత్తు గురించిన తగవు పూర్తిగా తెగలేదు. సభ్యుల ఓటులో పదిహేను అడుగుల పక్షమే గెలిచే అవకాశం లేకపోలేదు. నగరంలోని మిగతా సమితులవారు గమనించవలసిన వ్యవహారం మాత్రం ఒకటుంది. శిల్పి తన పెట్టుబడిని, అచ్చుల పనిని పండుగకు చాలా నెలల ముందే మొదలుపెడతాడు, బయానా చేతికందిన కొలతనే నమ్ముకుంటాడు. కనుక మట్టి కావాలన్నా, చిన్నది కావాలన్నా, ఆ మాట శ్రావణంలో కాక సంక్రాంతి నాటికే ఆయనకు చెప్పి బయానా ఇవ్వాలి.